గుండెకు కావలి – పేస్‌మేకరు చరిత్ర

మన పెద్దల కాలంలో గుండె సంగతి తెలుసుకొనుటకు వైద్యుడు చేసే పని ఒక్కటే: రోగి మణికట్టు పట్టుకొని కన్నులు మూసుకొని కూర్చొనుట. నాడి చూచే ఈ విద్య మన వైద్యగ్రంథాలలో శార్ఙ్గధర సంహిత నాటికే కనబడుతున్నది. తెలుగునాట పేరు పొందిన బసవరాజీయంలోను నాడీ పరీక్షకు మంచి చోటే ఇచ్చినారు. పాము పాకినట్లున్నదా, కప్ప గెంతినట్లున్నదా, హంస నడిచినట్లున్నదా అని వేలి కొసలతో తెలుసుకొనేవారు. నాడిని నిమిషాల లెక్కన కొలుచుట పడమటి దేశాలలో తరువాత వచ్చిన అలవాటు. 1707లో ఇంగ్లండులో జాన్ ఫ్లోయరు అనే వైద్యుడు సరిగా ఒక నిమిషం నడిచే గడియారాన్ని ఇందుకోసమే చేయించినాడు.

ఏ పద్ధతి అయినా రోగి చేతి మీద మరొకరి చేయి ఉండవలసినదే. ఆ చేయి ఉండవలసిన చోటికి యంత్రం ఎట్లు వచ్చినది, వచ్చిన తరువాత ఇంటివారికి మిగిలిన పని ఏమిటి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచిన సంగతి. ఈనాడు మన సంఘాల కుటుంబాలలో రొమ్ము చర్మం క్రింద చిన్న యంత్రంతో తిరుగుతున్న పెద్దలు అరుదు కారు. ఆ యంత్రం కథ మాత్రం ఇంట్లో చాలమందికి తెలియదు.

గుండె తన్ను తానే నడుపుకొంటుంది. కుడి పై గది గోడలో చిన్న కణజాలపు ముద్ద ఒకటి ఉన్నది. అక్కడ పుట్టిన విద్యుత్తు గుండె అంతటా ప్రాకి కండరాన్ని ముడుచుకొనేట్లు చేస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దలకు నిమిషానికి 60 నుంచి 100 మార్లు ఇది జరుగుతుంది. ఈ చోటును 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు కనిపెట్టినారు. అంతకు ముందటి ఏడే జపానుకు చెందిన తవారా పై గదులకు, క్రింది గదులకు నడుమ నున్న కూడలిని వర్ణించినాడు. ఆ కూడలిలో దారి తెగితే పై గదులు ఒక వేగాన, క్రింది గదులు మరొక మందవేగాన నడుస్తాయి. మనిషి నిలుచున్నవాడు నిలుచున్నట్లే కుప్పకూలుతాడు, కొంతసేపటికి లేస్తాడు, మళ్ళీ పడతాడు. డబ్లిన్ నగరంలో రాబర్ట్ ఆడమ్స్ 1827లోను, విలియం స్టోక్స్ 1846లోను ఈ మూర్ఛలను గురించి వ్రాసినారు. అప్పటికి దీనికి మందు లేదు. పడినప్పుడు పట్టుకొనే మనిషి ప్రక్కన ఉండుటే చికిత్స.

గుండెలోని విద్యుత్తును కాగితం మీదికి ఎక్కించిన కీర్తి హాలండు దేశపు ఐంథోవెన్‌ది. ఈయన పుట్టినది జావాలోని సెమరాంగులో. 20వ శతాబ్ది మొదటి సంవత్సరాలలో లైడెన్ నగరంలో ఆయన నిర్మించిన యంత్రం సుమారు 270 కిలోల బరువు. దానిని నడుపుటకు అయిదుగురు కావలెను. రోగి చేతులు, కాలు ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చొనేవాడు. యంత్రాన్ని ఆసుపత్రికి తీసుకొనిపోలేరు, రోగులను ప్రయోగశాలకు తేలేరు. కనుక 1905లో ఐంథోవెన్ ఆ రెంటి నడుమ కిలోమీటరున్నర దూరం టెలిఫోను తీగ వేయించి, ఆసుపత్రిలో పడుకొన్న రోగి గుండె గీతను తన గదిలో కూర్చొని వ్రాసుకొన్నాడు. దూరం నుంచి గుండెను కనిపెట్టియుండుట ఈ సెల్‌ఫోనుల కాలపు వింత అనుకొనేవారు ఈ సంవత్సరం గుర్తుంచుకొనదగినది. ఐంథోవెనుకు 1924లో నోబెల్ బహుమానం వచ్చినది.

గీత చూచుట ఒకటి, ఆగిన గుండెను నడుపుట మరొకటి. 1920ల చివర సిడ్నీలో మార్క్ లిడ్‌విల్, 1932లో న్యూయార్కులో ఆల్బర్ట్ హైమన్ సూదుల ద్వారా గుండెకు విద్యుత్తు పంపి చూచినారు. 1950లో కెనడాలో జాన్ హాప్స్ అనే ఇంజనీరు టొరాంటో వైద్యుల కోసం ఒక యంత్రం చేసినాడు. 1952లో బోస్టన్‌లో పాల్ జోల్ రొమ్ము మీద పలకలు పెట్టి బయటనుంచే గుండెను నడిపించినాడు. ప్రాణం నిలిచిన మాట నిజమే గాని ప్రతి దెబ్బకు చర్మం మండేది, కండరాలు అదిరేవి. అన్నిటికంటె పెద్ద చిక్కు గోడలో ఉన్నది. యంత్రం తీగ ప్లగ్గులో ఉండవలెను. తీగ ఎంత పొడవో రోగి లోకం అంతే.

1957 అక్టోబరు 31న అమెరికాలో మినియాపోలిస్ పట్టణంలో కరెంటు పోయినది. అక్కడ విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో వాల్టన్ లిల్లెహై పుట్టుకతో గుండెలో చిల్లులున్న పిల్లలకు ఆపరేషనులు చేస్తూండేవాడు. కొందరి గుండెల్లో ఆపరేషను తరువాత విద్యుత్తు దారి దెబ్బతినేది. అట్టివారి గుండెకు సన్నని తీగ కుట్టి, బయట ప్లగ్గు యంత్రానికి కలిపేవారు. ఆ రాత్రి ఒక శిశువు మరణించినదని ఎర్ల్ బ్యాకెన్ తరువాతి కాలంలో చెప్పినాడు. ఈ బ్యాకెన్ ఒక గ్యారేజీలో ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే చిన్న కంపెనీ పెట్టుకొన్నవాడు. కరెంటు లేకుండ నడిచేది ఒకటి కావలెనని లిల్లెహై అడిగినాడు. సంగీతం నేర్చుకొనేవారికి తాళం కొట్టే చిన్న యంత్రం నమూనా ఒక రేడియో పనివారి పత్రికలో వచ్చియున్నది, అది బ్యాకెనుకు గుర్తుకు వచ్చినది. తాళానికైనా గుండెకైనా లయే గదా! రెండు ట్రాన్సిస్టరులు, ఒక బ్యాటరీ పెట్టి, అరచేతిలో పట్టే పెట్టె నాలుగు వారాలలో తయారు చేసినాడు. కుక్క మీద పరీక్షించుటకని ఇచ్చి, మరునాడు ఆసుపత్రికి పోగా అప్పటికే అది ఒక బిడ్డ ఒంటి మీద ఉన్నదట. ఈనాటి నిబంధనలు తెలిసినవారికి ఇది నమ్మశక్యం కాదు.

పెట్టె మెడలో వ్రేలాడుతున్నది గాని తీగ ఇంకా చర్మం చీల్చుకొనే లోపలికి పోతున్నది. ఆ రంధ్రం గుండా చీము పట్టేది. యంత్రాన్నే లోపల దాచవలెనన్న ఆలోచన స్వీడన్‌లో ఫలించినది. అందుకు కారణం వైద్యుని తొందర కాదు, ఒక ఇల్లాలి పట్టుదల.

స్టాక్‌హోముకు చెందిన ఆర్నె లార్సన్ వయస్సు అప్పుడు 43. రోజుకు ఇరవై ముప్పై మార్లు గుండె ఆగి మూర్ఛ వచ్చేది. ఆసుపత్రి మంచం దిగలేని స్థితి. కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఓకె సెన్నింగ్ అనే సర్జనుడు, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు లోపల అమర్చే యంత్రం కోసం ప్రయత్నం చేస్తున్నారని లార్సన్ భార్య ఎల్సె-మారీకి తెలిసినది. ఆమె ఇద్దరి దగ్గరకు వెళ్ళినది. మనిషికి పెట్టదగిన యంత్రం ఇంకా లేదని వారు చెప్పినారు. లేకపోతే చేయండని ఆమె పట్టుబట్టినది, వదలలేదు. ఎల్మ్‌క్విస్ట్ ఇంటింటా దొరికే బూటు పాలిషు డబ్బానే అచ్చుగా పెట్టుకొని, అందులో ట్రాన్సిస్టరులు, బ్యాటరీ అమర్చి పైన రెసిన్ పోసి గట్టిపరచినాడు. 1958 అక్టోబరు 8న అది లార్సన్ పొట్ట గోడలోనికి చేరినది. కొద్ది గంటలకే పని మానినది. రెండవది పెట్టినారు, అదీ ఎంతో కాలం నిలువలేదు.

ఇక్కడితో ఆగితే ఇది ఓడిన ప్రయోగమే. కాని లార్సన్ బ్రతికినాడు. యంత్రం మీద యంత్రం మార్చుకొంటూ మొత్తం 26 యంత్రాలు ధరించినాడు. 1996లో ఎల్మ్‌క్విస్ట్, 2000లో సెన్నింగ్ పోయినారు. వారిద్దరి తరువాత 2001 డిసెంబరులో, 86వ ఏట లార్సన్ కన్నుమూసినాడు, అదీ చర్మపు క్యాన్సరుతో. పేస్‌మేకరు చరిత్ర వ్రాసే ప్రతివారు ముగ్గురు మగవారి పేర్లు చెపుతారు. నాలుగవ పేరు ముందు చెప్పదగినదని నా అభిప్రాయం.

ఆ పైన పని వేగంగా సాగినది. 1960 ఫిబ్రవరిలో ఉరుగ్వే దేశపు మాంటెవిడియోలో ఎల్మ్‌క్విస్ట్ యంత్రాన్నే ఒక స్త్రీకి అమర్చినారు. ఆ ఏడే అమెరికాలో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ చేసిన యంత్రాన్ని బఫెలో పట్టణంలో చార్డాక్, గేజ్ అనే వైద్యులు వాడినారు. గుండె స్పందనను నమోదు చేసే పరికరం కడుతూ గ్రేట్‌బ్యాచ్ ఒక భాగం బదులు వేరొకటి బిగించినాడనీ, ఆ పరికరం గుండెవలె ఆగి ఆగి కొట్టుకొన్నదనీ ఆయనే చెప్పుకొన్నాడు. బ్యాటరీలు రెండేళ్ళకే అయిపోవుట పెద్ద బాధగా ఉండేది. 1970లో ప్యారిస్‌లో ప్లుటోనియంతో నడిచే పేస్‌మేకరును కూడ మనిషికి పెట్టినారు. 1972 నుంచి వచ్చిన లిథియం బ్యాటరీ ఆ తలనొప్పిని తీర్చినది. ఈనాడు సాధారణంగా యంత్రం 8 నుంచి 12 సంవత్సరాలు నడుస్తుంది. బరువు 20, 30 గ్రాములు. తొలినాటివి ఆగకుండ ఒకే వేగాన కొట్టేవి. ఇప్పటివి గుండె తన పని తాను చేసుకొన్నంతసేపు ఊరక చూస్తూ ఉండి, తప్పినప్పుడే అందుకొంటాయి. 2016లో తీగ అక్కరలేకుండ గుండె గదిలోనే కూర్చొనే చిన్న గొట్టం వంటి పేస్‌మేకరుకు అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చినది.

ఇంట్లో అందరూ పేస్‌మేకరు అనే అంటారు గాని, కొందరికి ఉన్నది వేరు యంత్రం. గుండె మందగిస్తే నడిపేది పేస్‌మేకరు. గుండె పిచ్చివేగంతో అదురుతూ రక్తం పంపుట మానినప్పుడు బలమైన విద్యుత్తు దెబ్బ కొట్టి దారికి తెచ్చేది డీఫిబ్రిలేటరు. దీనికి కర్త మిషెల్ మిరౌస్కీ. వార్సాలో పుట్టిన యూదుడు. 1939లో 15 ఏండ్లవాడుగా ఇల్లు విడిచి పారిపోయినాడు; యుద్ధానంతరం చూస్తే కుటుంబంలో మిగిలినది తానొక్కడే. ఇజ్రాయేలులో తన గురువు హ్యారీ హెల్లర్ 1966లో ఇట్టి గుండె అదురుతోనే చనిపోయినాడు. ఆసుపత్రిలో ఉంటే దెబ్బ కొట్టి బ్రతికించవచ్చును, కాని ఎల్లకాలం ఆసుపత్రిలో ఎవరుండగలరు? ఆసుపత్రినే రొమ్ములో పెట్టవలెనని మిరౌస్కీ అమెరికా వెళ్ళి బాల్టిమోరులో పనికి కూర్చొన్నాడు. పేరున్న వైద్యులు ఇది కూడని పని అని పత్రికలలో వ్రాసినారు. 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటి యంత్రం ఒక స్త్రీకి అమరినది.

ఈ యంత్రం ఉన్నవారి కష్టం వేరు. దెబ్బ పడినప్పుడు గుర్రం రొమ్ము మీద తన్నినట్లుంటుందని అంటారు. ఆ తరువాత రోజులలో మళ్ళీ ఎప్పుడో అన్న భయం నిద్రలోను వదలదు. పడని దెబ్బ పడినట్లు ఉలికిపడి లేచేవారున్నారు. దీనిని పిరికితనమని ఇంటివారు తేలికగా తీసుకొనరాదు, వైద్యునితో చెప్పదగిన సంగతే. ఒక దెబ్బ పడి మనిషి కులాసాగా ఉంటే ఆసుపత్రికి కబురు చేస్తే చాలును. ఒకే దినం రెండు మూడు పడినా, మనిషి సొమ్మసిల్లినా 108కు ఫోను చేయవలెను. ఆ సమయాన రోగిని ముట్టుకొన్నవారికి ప్రమాదం లేదు. మహా అయితే చిన్న జిల్లు తగులుతుంది.

ఇక కనిపెట్టియుండే యంత్రాల సంగతి. అమెరికాలో మోంటానా రాష్ట్రపు నార్మన్ హోల్టర్ 1940ల చివర గుండె గీతను రేడియోతో పంపే సామగ్రిని వీపున మోసుకొని సైకిలు తొక్కి చూపినాడు. ఆ మూట 38 కిలోలు! ఇప్పుడు ఆయన పేరుతోనే హోల్టరు అని పిలిచే పెట్టె మొలకు కట్టుకొని ఒకరోజంతా తిరగవచ్చును. 1970ల నుంచి పేస్‌మేకరు స్పందనను ఇంటి టెలిఫోను ద్వారా వినిపించే పద్ధతి వచ్చినది. 2001 నుంచి ఎవరూ మీట నొక్కకుండనే రాత్రివేళ యంత్రం తన వార్తను మంచం ప్రక్కన ఉన్న పెట్టెకు చెప్పుట, ఆ పెట్టె దానిని ఆసుపత్రికి చేర్చుట మొదలైనది. కొన్ని యంత్రాలలో పెట్టె పనిని ఇప్పుడు సెల్‌ఫోనే చేస్తున్నది. 2018 నుంచి చేతి గడియారం కూడ గుండె గీత తీయుట నేర్చినది. మణికట్టు దగ్గర మొదలైన కథ మణికట్టుకే వచ్చినదన్నమాట. గడియారం గీత లయ చెప్పగలదే గాని, గుండె నొప్పికి జవాబు చెప్పలేదు.

ఈ పెట్టె విషయమున మన ఇండ్లలో ఒక పెద్ద అపోహ ఉన్నది. పెట్టెలో దీపం వెలుగుతున్నది గనుక ఎక్కడో ఒక డాక్టరు రాత్రంతా మేలుకొని మన నాన్నగారి గుండెనే చూస్తున్నాడని చాలమంది నమ్ముతారు. దూరాన ఉద్యోగాలలో ఉన్న బిడ్డలకు ఈ నమ్మకం మరీ ఎక్కువ. అది నిజం కాదు. వార్త చేరుతుంది, దానిని ఆసుపత్రి మనుషులు తమ పనివేళలలో చూస్తారు. సెలవు దినాన చేరిన వార్త సెలవు ముగిసేదాక అట్లే ఉండవచ్చును. రొమ్ములో నొప్పి వచ్చినప్పుడు పెట్టె చూచుకొంటుందిలే అని ఊరకున్నవారు విలువైన గంట పోగొట్టుకొంటారు.

ఇది నా ఊహ కాదు. గుండె నీరసించినవారి మీద జరిగిన రెండు పరీక్షలు ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. 2014లో వెలువడిన ఒకదానిలో 664 మంది ఉన్నారు. దినదినం వార్త రావడం, తేడా కనిపించిన వెంటనే ఎవరో ఒకరు రోగికి ఫోను చేయడం అందులోని ఏర్పాటు. ఏడాదిలో ఆ వర్గంలో 10 మంది, మామూలు వర్గంలో 27 మంది మరణించినారు. 2017లో ఇంగ్లండులో వెలువడిన రెండవదానిలో 1650 మంది ఉన్నారు. వార్తలను వారానికి ఒకసారి చూచినారు. మామూలు చికిత్సకు దీనికి తేడా కనబడలేదు. రెండింటిలోను రొమ్ములోని యంత్రాలు మంచివే. తేడా అంతా వార్త అందుకొన్న మనిషి ఏమి చేసినాడు, ఎంత త్వరగా చేసినాడు అన్న దగ్గర ఉన్నదని నాకు తోస్తున్నది. కనుక పెట్టె ఇచ్చిన రోజునే అడగవలసిన ప్రశ్నలు మూడు: వార్తను ఎవరు చూస్తారు, ఏ వేళల్లో చూస్తారు, మాకు ఎవరు ఫోను చేస్తారు?

రేడియో వార్తను దొంగలు పట్టలేరా అంటే, ఆ అనుమానం పెద్దవారికీ వచ్చినది. అమెరికా ఉపాధ్యక్షుడుగా ఉండిన డిక్ చేనీ 2007లో తన యంత్రంలోని రేడియో సౌకర్యాన్ని తీసివేయించుకొన్నాడు. 2017లో అమెరికాలో 4,65,000 పేస్‌మేకరులకు లోపలి ఆజ్ఞలను సరిచేయవలసి వచ్చినది. దానివల్ల ఎవరికీ హాని జరిగినట్లు తేలలేదు. సామాన్యులకు ఈ భయం కంటె, ఊరు మారినప్పుడు పెట్టెను ప్లగ్గులో పెట్టుట మరచిపోవుటే ఎక్కువ ప్రమాదం.

ఇంట్లో ఏది ముట్టవచ్చును, ఏది కూడదు అన్న దానిలోను భయాలు అవసరానికి మించి ఉన్నవి. మిక్సీ, టీవీ, ఫ్రిజ్‌లతో బాధ లేదు. సెల్‌ఫోను యంత్రానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండవలెను; చొక్కా జేబులో పెట్టరాదు, యంత్రం లేని ప్రక్క చెవికి పెట్టుకొనవలెను. కొన్ని క్రొత్త ఫోనులలోని అయస్కాంతం యంత్రం మీద పని చేయగలదని 2021లో తేలినది. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించవలెను. షోలాపూరు, భివండీల మన పద్మశాలీ సోదరులు మగ్గపు మోటారు దగ్గరకు పోవచ్చునా అని అడుగుతారు. నడుస్తున్న మోటారు మీద రొమ్ము ఆన్చి వంగకుండుట ముఖ్యం. వెల్డింగు పని మాత్రం డాక్టరును అడుగనిదే చేయరాదు. అలిపిరి దగ్గర తనిఖీ ద్వారం గుండా ఆగకుండ నడిచి పోవచ్చును. చేతి కర్రతో వెదకే వారికి కార్డు చూపి, యంత్రం మీద దానిని నిలిపి ఉంచవద్దని చెప్పవలెను. ఎమ్మారై పరీక్ష పూర్వం పూర్తిగా నిషిద్ధం. దానికి తట్టుకొనే యంత్రాలకు అమెరికాలో 2011లో అనుమతి వచ్చినది. మీది అట్టిదో కాదో కార్డును బట్టి తెలుస్తుంది.

ఆ కార్డు గురించి ప్రత్యేకించి చెప్పవలెను. యంత్రం పేరు, నెంబరు, పెట్టిన తేదీ అందులో ఉంటాయి. మనవారు బరంపురంలో ఆపరేషను చేయించుకొని బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటారు, పెండ్లికి విజయనగరం పోతారు. దారిలో పడిపోతే చుట్టూ ఉన్నవారికి మన మాట రాకపోవచ్చును. కార్డు బీరువాలో పదిలంగా ఉంటే ప్రయోజనం లేదు. జేబులో ఒకటి, ఇంటివారి ఫోనులో దాని బొమ్మ ఒకటి ఉండవలెను.

చివరి సంగతి పండుగ సంచికలో తగునా అని కొందరికి తోచవచ్చును. కాని చెప్పేవారు లేకనే చిక్కులు వస్తున్నవి. వ్యాధి ముదిరి మరణం దగ్గరపడినవారికి డీఫిబ్రిలేటరు దెబ్బలు వృథా బాధ. కోత లేకుండనే ఆ సౌకర్యాన్ని ఆపవచ్చును. రోగి, కుటుంబం అడిగితే వైద్యులు ఆపుతారు. మరణించిన తరువాత దహనానికి ముందు యంత్రాన్ని తప్పక తీయించవలెను. బ్యాటరీ మంటలో ప్రేలుతుంది. 1976లోనే ఇంగ్లండులో సోలిహల్ అనే ఊరి దహనశాలలో ఇట్లు జరిగినది. యంత్రం ఉన్నదన్న మాట ఆసుపత్రివారికి, శ్మశానంవారికి ముందే చెప్పవలసినది ఇంటివారే. ఆ గడియలో ఎవరికీ గుర్తుండదు గనుక ఇప్పుడే ఒకరికి అప్పగించి ఉంచుట మంచిది.

అట్లు తీసినవన్నీ చెత్తబుట్ట పాలు కానక్కరలేదని బొంబాయిలో ఒక ప్రయత్నం చూపినది. అమెరికాలో మరణించినవారి కుటుంబాలు ఇచ్చిన పేస్‌మేకరులలో బ్యాటరీ తగినంత మిగిలిన వాటిని ఏరి, శుద్ధి చేసి, బాంద్రాలోని హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో 2004 నుంచి 2010 లోపల 53 మంది పేదలకు అమర్చినారు. ఆ ఫలితాలు 2011లో ప్రకటించినారు. సుమారు రెండేళ్ళు కనిపెట్టి చూచినంతలో వారిలో ఎవరికీ చీము పట్టలేదు, యంత్రం ఆగలేదు.